టమోటా వేర్లకు తగిలిన దిష్టి

మా టమోటాకు దిష్టి తగిలిందని నాయన తేల్చేశాడు. ఎవరి దిష్టో కూడా ఆయనే తేల్చాడు. పక్క చేనులో వంకాయ పెట్టిన మా చిన్నాయనది. నాయన పంచాయతీ ఎన్నికల్లో వార్డుకు నిలబడితే, సొంత తమ్ముడు అవతలి పార్టీ కండువా కప్పుకుని తిరిగాడు. నాయన ఓడిపోయాడు. అప్పట్నుంచి మా ఇంట్లో పాలు విరిగినా, మోటారు కాలినా ఆ పాపం చిన్నాయనదే.

కళ్యాణదుర్గం పక్కన మాది ఇసుక కలిసిన ఎర్రనేల. బోరు నీళ్లు అందే కాస్త చోట ఏటా టమోటానే పెట్టేవాళ్లం. ఆ ఏడు డ్రిప్పులో నీళ్లు పోతూనే ఉన్నా, ఎండ ఎక్కేసరికి మొక్కలు తలలు వాల్చేసేవి. ఆకులు పసుపెక్కాయి. నాయన చేను మధ్యలో ఒక గడ్డిబొమ్మను నిలబెట్టి, దానికి అవతలి పార్టీ రంగు చొక్కా తొడిగాడు. మొక్కలు వాలిపోతూనే ఉన్నాయి. బొమ్మ మాత్రం దర్జాగా నిలబడింది.

నేను ఒక మొక్కను పీకి చూశాను. వేర్ల నిండా ఉబ్బులు, ముడులు. అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది.

"అల్లం మాదిరి ఉండాది గదరా. టమోటా పెడితే మీకు అల్లం కాసిందా?"

ఆ వేరును కవర్లో వేసుకుని వ్యవసాయ ఆఫీసుకు పోయాను. అక్కడి మేడమ్ చూడగానే నులిపురుగులంది. కంటికి కనిపించనంత సన్నటి పురుగులు వేర్లలో కాపురం పెట్టి, మొక్కకు నీళ్లూ సత్తువా అందకుండా చేస్తాయట. ఉన్న పంటకు ఇక చేయగలిగింది లేదని, వేసవిలో లోతుగా దున్ని ఎండబెట్టి, నాటే ముందు వేప పిండి, ఆముదం పిండి నేలలో కలిపి తడిపి మగ్గనివ్వమని చెప్పింది. నూనె తీశాక గానుగలో మిగిలే పిండి అది.

"నులిపురుగులు పిల్లోళ్ల కడుపులో గదా ఉండేది," అన్నాడు నాయన. "ఇస్కూల్లో ఇచ్చే మాత్రలు తెచ్చి డ్రిప్పులో వదలరాదా?"

"ఇవి వేరే జాతి నాయనా."

"ఏ జాతైతే ఏమి. పంపినోడు వాడే."

ఇక లాభం లేదని చిన్నాయన చేనుకు పోయాను. గట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"ఏమప్పా, బొమ్మకు ప్యాంటు గూడా అడుక్కురమ్మని పంపినాడా మీ నాయన?"

ఒక వంగ మొక్క పీకి చూపించమన్నాను. పీకాడు. అవే ముడులు. వేరుకున్న మన్ను దులిపి మళ్లీ చూశాడు.

"మీ నాయన కన్ను పడిందని నేను గుమ్మడికాయ కట్టినా గదరా," అన్నాడు చివరికి.

నవ్వు ఆపుకుని నాయనను గట్టు దగ్గరికి పిలుచుకొచ్చాను. రెండు వేర్లూ పక్కపక్కన పెట్టాను. ఇద్దరూ వేర్లనే చూశారు గానీ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"మన రెండు చేలూ దున్నేది ఒకే ట్రాక్టరు. మన్నుతో పాటే ఇవీ వచ్చింటాయి," అన్నాను.

"పురుగులకు పార్టీ లేదులే అన్నా," అన్నాడు చిన్నాయన.

ఎన్నికల తర్వాత ఆయన నోట "అన్నా" అన్న మాట వినడం అదే మొదలు. నేను డ్రిప్పు పైపు సరిచేస్తున్నట్టు వంగాను.

ఆ పంట పోయింది. మొక్కలన్నీ వేర్లతో సహా పీకి కాల్చేశాం. వేసవిలో రెండు చేలూ దున్నించి, పిండి బస్తాలు కలిసే తెప్పించాం. వాటిని మా వసారాలో దించాక వాన పడి తడిశాయి. ఆ వాసన దేవుని గూటి దాకా పోయింది.

"ఈ కంపుకు పురుగులు చస్తాయో లేదో గానీ, చుట్టాలు మాత్రం రారు," అంది అమ్మ.

పిండి చల్లి వచ్చిన అన్నదమ్ములిద్దరినీ ఆమె గడప తొక్కనివ్వలేదు. వాకిట్లోనే సంగటి పెట్టింది. వేరే చోటు లేక ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చుని తిన్నారు. నాయన తన గిన్నెలోని ఊరుబిండి పచ్చడి కాస్త తమ్ముడి వైపు జరిపాడు.

తర్వాతి టమోటా మిట్టమధ్యాహ్నం ఎండలోనూ నిలబడింది. కాపు అయ్యాక పీకి చూస్తే ముడులు పూర్తిగా పోలేదు, అక్కడక్కడా చిన్నవి కనిపించాయి. ఈసారి సాళ్ల మధ్య, ఈ పురుగును అణిచే బంతిపూల మొక్కలు కూడా పెడదామన్నాను. వేప పిండి వల్లే పురుగు తగ్గిందని నాయన, కాదు ఆముదం పిండి వల్లనని చిన్నాయన, రోజూ బస్టాండు టీ కొట్టు దగ్గర వాదులాడుకుంటున్నారు.