ఖాళీ గోడను చదివిన మనిషి

డాక్టర్ సుగుణ మేరీ గారు ఇక లేరని గత మంగళవారం ఉదయం వారి తమ్ముడు ఫోను చేసి చెప్పారు. శ్రీకాకుళం ఆస్పత్రిలో చేర్చారని తెలుసు. కోలుకుని ఇంటికి వస్తారనే అనుకున్నాను. ఆవిడ రెండేళ్ళ కిందట అడిగినదానికి నేనింకా జవాబు చెప్పలేదు.

నౌపడ రైల్వే క్వార్టర్సులో, ఒక బాప్టిస్టు కుటుంబంలో పుట్టి పెరిగిన ఆవిడ, కళావస్తువుల క్రయవిక్రయాల చరిత్రను జీవితకాలపు పరిశోధనగా ఎంచుకున్నారు. మన ప్రాంతంలోని పాత జమీందారీ ఇళ్ళ నుంచి తైలవర్ణ చిత్రాలు, కంచు విగ్రహాలు, బొబ్బిలి వీణలు ఏ దారిన ఏ వేలంపాటకు చేరాయో, చివరికి ఎవరి ఇంట తేలాయో వెతకడం ఆవిడ పని. తక్కిన పండితులు పటాన్ని చూస్తారు. ఈవిడ పటం లేని గోడను చూసేవారు. ఒకప్పుడు పటం వేలాడి సున్నం మాయని చోట దర్జీ టేపు పెట్టి కొలిచి, ఆ కొలతలతో పాత వేలం జాబితాలు తిరగేసేవారు. కొలిచేటప్పుడు గొంతు తగ్గించి మాట్లాడేవారు, గదిలో ఇంకెవరో ఉన్నట్టు.

అలాంటిదే అయిన మా జమీందారీ ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు తాతగారి కుర్చీలో కూర్చోబోతే వద్దన్నాను. “ఏటండీ, ఇది కూడా మరమ్మతుకెళ్ళాలా?” అన్నారు నవ్వకుండా. నాకు కోపం వచ్చింది. తర్వాత సంగతి చెప్పారు. ఏ పాత ఇంట్లో ఖాళీ గోడ గురించి అడిగినా “మరమ్మతుకు పంపాం” అనే అంటారట. నిజమే. మా ఇంట్లో నిలువుటద్దాలు, గడియారాలు, షాండ్లియర్లు అన్నీ మరమ్మతుకే వెళ్ళాయి. ఒక్కటీ తిరిగి రాలేదు. “అమ్మినవాళ్ళ ఇంట్లో అమ్మామన్న మాట దొరకదు రాజుగారూ. కొన్నవాళ్ళ ఇంట్లో వెతుక్కోవాలి” అనేవారు.

ఒక్క పటం విషయంలో మాత్రం మా ఇంట్లో వేరే కథ ఉండేది. వీణ పట్టుకున్న మా ముత్తవ్వగారి చిత్తరువును, పటాలు తుడిచే సింహాచలం దొంగిలించాడని చెప్పుకునేవారు. అతన్ని ఊరినుంచి వెళ్ళగొట్టారు. పొందూరు వైపు కూలి చేసుకుంటూ దొంగ అన్న పేరుతోనే పోయాడు. చిన్నప్పుడు నేను విన్నది ఆ కథే. పెద్దయ్యాక నలుగురికీ చెప్పినదీ ఆ కథే.

రెండేళ్ళ కిందట సుగుణ మేరీ గారు ఒక జిరాక్సు కాగితం తెచ్చి నా ముందు పెట్టారు. చిత్తరువును కొన్న కలకత్తా వర్తకుడి వారసులు దాచుకున్న ఉత్తరమది. అమ్మిన సంగతి గోప్యంగా ఉంచమని ఇంగ్లీషులో కోరి, కింద తెలుగులో సంతకం చేశారు. తేదీ సింహాచలాన్ని వెళ్ళగొట్టిన ఏటిదే. చివరి అక్షరం నుంచి తోక లాగి పేరంతా చుట్టే ఆ సంతకం నాకు తెలుసు, మా తాతగారిది. నా సంతకం నేర్చుకున్నది దాన్ని చూసే.

నకిలీ కావచ్చన్నాను. ఆవిడ వాదించలేదు. సింహాచలం కూతురు అప్పలనరసమ్మ పొందూరు దగ్గర నూలు వడుకుతోందని, ఆమెను కలిసి వచ్చానని చెప్పి, ఆమె అన్న మాట ఉన్నదున్నట్టు ఒప్పజెప్పారు. “నువ్వు పుస్తకంలో రాస్తే ఎవులు సదువుతారమ్మా? మా అయ్య దొంగ కాడని ఆ బాబు నోటితో ఒక్కపాలి సెప్పమను, సాలు.”

తన పుస్తకంలో నా పేరుతో ఒక వాక్యానికి చోటు ఉంచుతానన్నారు. నేను వ్యవధి అడిగాను. తాతగారి పరువు తప్ప మాకు మిగిలిందేమీ లేదు. దాన్ని నా చేత్తో ఎలా తీసివేయను? ఆవిడ నెలకోసారి ఫోను చేసి నా ఆరోగ్యం అడిగేవారు. ఆ వాక్యం గురించి ఒక్కసారీ అడగలేదు. ఫోను మోగితే ఉలిక్కిపడే స్థితికి వచ్చాను.

నౌపడలో సమాధి కార్యక్రమం ముగిశాక ఒక ముసలామె నా దగ్గరకు వచ్చింది. ఎవరో చెప్పకుండానే తెలిసింది.

“ఆ తల్లి ఎల్లిపోనాది బాబూ,” అంది. “మా అయ్య గురించి అడగడానికి ఇంకెవులూ రారు.”

ఆ మాటలో నిష్ఠూరం లేదు.

పుస్తకంలో ఆ చోటు ఇంకా ఖాళీగానే ఉందని వారి తమ్ముడు చెప్పారు. అందుకే ఈ పత్రికలో రాస్తున్నాను. మా ముత్తవ్వగారి చిత్తరువును మా తాతగారు అమ్మారు. సింహాచలం దొంగ కాడు. అతను దొంగ అని నేను చెప్పిన ప్రతిసారీ అబద్ధమే చెప్పాను.

ఈ మాటలు సుగుణ మేరీ గారు వినవలసినవి. వినిపించే అదృష్టం నా చేతులారా పోగొట్టుకున్నాను. ఆ విదుషీమణికి తలవంచి నమస్కరిస్తున్నాను. మా ఇంట్లో ఎవరూ బయటివారికి తలవంచలేదు, నాకూ ఇదే మొదలు. పత్రిక రాగానే పొందూరు వెళ్ళి దీన్ని అప్పలనరసమ్మకు నా నోటితోనే చదివి వినిపిస్తాను. నన్ను అక్కడికి పంపిన మనిషి పక్కన లేకుండానే ఆ గడప ఎక్కాలి.