భానుప్రకాశ్ విడదీసిన పేజీలు

ఏమీ రాకపోయినా కుర్చీలో ఎంత నిబ్బరంగా కూర్చోవచ్చో మా భానుప్రకాశ్‌ను చూసి నేర్చుకోవాలి. మెట్టుగూడలో మా జూనియర్ కాలేజీల హెడ్డాఫీసు. నాలుగు బ్రాంచీలు. చైర్మన్ గారి బామ్మర్ది కావడమే అతని చదువు, అనుభవం, అర్హత. గది తలుపుకు ‘వెబ్‌సైట్ ఇంచార్జ్’ అని ఇత్తడి బోర్డు కూడా కొట్టించుకున్నాడు. ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుందని ఊరికే అన్నారా! నా పేరు ఊర్మిళ. ఆరేళ్ళుగా రిసెప్షన్‌లో ఫోన్లు ఎత్తుతూ ఈ వేడుకంతా ఎదురుగా కూర్చుని చూస్తున్నాను.

వెబ్‌సైట్ పని నిజంగా చేసేది అతని కింద పనిచేసే హిమజ. పదో తరగతి పాసైన పేదింటి పిల్లలకు మా కాలేజీ ఏటా ఒక పరీక్ష పెట్టి, బ్రాంచికి ఒక్కరికి ఉచితంగా సీటిస్తుంది. ఆ పరీక్ష తేదీ, సమయం, స్థలం ఉన్న భాగాన్ని హిమజ ఒక్కసారే తయారుచేసి, హోం పేజీలోనూ నాలుగు బ్రాంచీల పేజీల్లోనూ అదే పెట్టింది. భానుప్రకాశ్‌కు ఓపిగ్గా విడమరిచి చెప్పింది కూడా.

“నల్లా లెక్క సార్ ఇది. ట్యాంకు ఒక్కటే. దాంట్ల ఏం మారిస్తే అన్ని నల్లాల్ల అదే వస్తది. ఒక్క పేజీలనే మారుస్తున్న అనుకొని ముట్టుకోకుండ్రి.”

“నాకు చెప్తున్నవా? నేను కంప్యూటర్ పట్టిననాడు నువ్వు పలక పట్టుకొని తిరుగుతున్నవ్,” అన్నాడు.

మా సంస్థలో ఒక దిక్కుమాలిన ఆచారం ఉంది. ప్రిన్సిపాల్ దండం పెడుతున్న ఫోటో లేనిదే ఏ ప్రకటనా బయటికి పోదు. సీతాఫల్‌మండి ప్రిన్సిపాల్ తుకారాం గారు తన ఫోటో ఏదని అడగ్గానే, ఈ మహానుభావుడు ఆ బ్రాంచి పేజీ తెరిచి, పరీక్ష ప్రకటనలోనే ఫోటో అతికించాడు. ఇంకేముంది! నాలుగు బ్రాంచీల్లోనూ తుకారాం గారే దండాలు పెడుతున్నారు. “మా పేజీల ఆయన దండమేంది?” అని బోయిన్‌పల్లి ప్రిన్సిపాల్ ప్రేమమణి మేడం ఫోన్లో అరిచిన అరుపు నాకిప్పటికీ వినిపిస్తుంది.

తప్పయిందని ఒప్పుకుంటే తల తెగి కింద పడుతుందా? అతనికి పడుతుంది కాబోలు. హిమజ ఆ రోజు సెలవు. ఒక్కో బ్రాంచి పేజీ తెరిచి, ‘విడదీయి’ అన్న మీట నొక్కి, ఉమ్మడిగా ఉన్నదాన్ని నాలుగు ముక్కలు చేసి, ఎవరి ఫోటో వాళ్ళకు పెట్టాడు. “ఎవరి నల్లా వాళ్ళకు ఇచ్చిన. దిమాక్ ఉండాలె,” అని ఆఫీసంతా చెప్పుకు తిరిగాడు. చెప్పాల్సిన ఒక్క హిమజకు మాత్రం చెప్పలేదు.

పరీక్షకు నాలుగు రోజుల ముందు సీతాఫల్‌మండి కాలేజీలో పైపు పగిలి హాలు నిండా నీళ్ళు. అందరికీ పరీక్ష జరగాల్సింది అక్కడే. దాంతో సెంటర్‌ను బోయిన్‌పల్లికి మార్చారు. హిమజ ఎప్పట్లాగే ఒక్కచోట మార్చి, హోం పేజీ చూసుకుని, సరేననుకుంది. అతను విడదీసిన బ్రాంచి పేజీల్లో మాత్రం సీతాఫల్‌మండి అలాగే ఉండిపోయింది. చాలామంది పిల్లలకు వాళ్ళ బడి సార్లు కబురు చెప్పారు కాబట్టి సరిపోయింది.

నవత అనే పిల్లకు చెప్పే సారెవరూ లేరు. ఆ పిల్ల తల్లి లచ్చమ్మ బోయిన్‌పల్లి మార్కెట్‌లో టమాటలు అమ్ముతుంది. వాళ్ళింటి నుంచి బోయిన్‌పల్లి కాలేజీ నడిచిపోయేంత దూరం. అలాంటిది, ఆ కాలేజీ పేజీనే నమ్ముకుని, పొద్దున్నే బిడ్డను తీసుకుని సీతాఫల్‌మండికి పోయింది. అక్కడ తాళం. తిరిగొచ్చేసరికి బోయిన్‌పల్లిలో గేటు మూశారు. పదకొండింటికి ఇద్దరూ చెమటలు కక్కుతూ మా ఆఫీసులో నిలబడ్డారు.

హిమజ ఆ పేజీ తెరిచి చూసి నెత్తి కొట్టుకుంది. వెంటనే ప్రేమమణి మేడంకు ఫోన్ చేసింది. “ఆఫీసు తప్పని ఒక్క ముక్క రాసియ్యుండ్రి, మధ్యాహ్నం కూసోబెట్టి రాయిస్త,” అంది ఆవిడ. ఒక్క ముక్క చాలు!

భానుప్రకాశ్ గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. రెండు నిమిషాల్లో ఫోన్ పట్టుకుని బయటికొచ్చాడు. “ఏదీ? బోయిన్‌పల్లి అనే ఉంది గదా. ఏడ చూసిండ్రో ఏమో.”

“ఇప్పుడే మార్చిండ్రు సార్! నేను కండ్లార చూసిన,” అంది హిమజ.

“సాక్ష్యం చూపియ్.”

ఛీ, ఏం మనిషి! అప్పుడు లచ్చమ్మ నా వైపు తిరిగింది.

“నేను నిన్న ఈ అమ్మకు గూడ ఫోన్ చేసిన. పరీక్ష సీతాఫల్‌మండిలనేనా అని అడిగిన. వెబ్‌సైట్ల ఎట్లుంటె అట్లనే, అన్నది. చెప్పు బిడ్డా, అడిగిన గదా?”

అడిగింది. సెంటర్ మారిందన్న కాగితం అప్పుడు నా మోచేతి కిందే ఉంది. రోజంతా ఇవే ప్రశ్నలని విసుగొచ్చి, ఫోన్ పెట్టేశాను. నవత నన్నే చూస్తోంది. భానుప్రకాశ్ కూడా నన్నే చూస్తున్నాడు.

“దినాం నూరు ఫోన్లు వస్తయమ్మా. నాకు యాదికి లేదు,” అన్నాను.

“పోదాం పా, అమ్మా,” అని నవతే తల్లి చెయ్యి పట్టుకుని బయటికి తీసుకుపోయింది. హిమజ ఆ పేజీ మూసేసి తన సీటుకు పోయింది.

కాసేపటికి భానుప్రకాశ్ తనే చాయ్ తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. “తాగు, ఊర్మిళక్కా,” అన్నాడు. ఆరేళ్ళలో అతను నన్ను అక్కా అనడం అదే మొదటిసారి.

తాగాను.