మొగిలి కట్టిన లారీ పాట

కొత్తవాడలో పగలు మగ్గం నేస్తూ, పెళ్లిళ్ల కాలంలో ఉప్పలయ్య బ్యాండులో క్లారినెట్ ఊదేవాడు మొగిలి. ఆ బ్యాండులో ఒక్కడూ అతన్ని లెక్కచేసేవాడు కాదు. అతనికీ వాళ్లంటే ఒళ్లుమంట.

డెబ్బై ఎనిమిదిలో బావమరిది బొంబాయి పక్కనున్న భివండికి కాపురం మారుస్తుంటే సాయంగా లారీలో వెళ్లాడు. సామాను మీద కూర్చుని షోలాపూర్, పూనా దాటి ఘాటు దిగేసరికి ఇంజను హోరు, ఎదురు బండ్ల హారన్లు కలిసి అతని బుర్రలో పాటగా కూడాయి. ఒక్క క్లారినెట్‌కు లొంగే పాట కాదది. పెద్ద డ్రమ్ము ఇంజనై నడవాలి, ట్రంపెట్లు ఒకదాన్నొకటి అదిలించాలి, క్లారినెట్లు వాలు వెంట జారాలి. బ్యాండంతా దాన్ని వాయించాలి, ఇది మొగిలి పాట అని నలుగురూ అనాలి. అతని ఆశంతా అదే.

అడిగితే వింటారా? ఆ మహానుభావులకు పాటంటే స్టేషను దగ్గరి హోటల్లో రికార్డు మీద మోగేదే. చాయ్ ముందు పెట్టుకుని, చెవితో పట్టుకొచ్చి వాయించేవారు. రికార్డు లేనిది వాళ్లకు పాటే కాదు.

అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. బొంబాయిలో విన్నానని, ఏదో కొత్త హిందీ సినిమాలోదని, మనవైపు ఇంకా రాలేదని చెప్పాడు మొగిలి. పొరుగింటి పుల్లకూర రుచి కదా, ఎగబడి నేర్చుకున్నారు.

మట్టెవాడలో ఒక పెళ్లి బరాత్‌లో వాయిస్తే జనం చెప్పులు తెగేలా ఎగిరారు. పెళ్లికొడుకు మేనమామ మళ్లీ మళ్లీ వాయింపించుకున్నాడు. మొగిలి సంతోషం పట్టలేకపోయాడు, నోరు ఆగలేదు. డ్రమ్ములు దించగానే ఉప్పలయ్య దగ్గరికి పోయి నిజం చెప్పేశాడు.

“నేనే కట్టిన్నన్నా. లారీల పోతాంటె కట్టిన.”

ఉప్పలయ్య ముందు నవ్వాడు. తర్వాత మొహం మాడ్చుకున్నాడు.

“నువ్వు కడితె జనం గిట్లెందుకు ఎగురుతర్రా? ఎవనిదో ఎత్తుకొచ్చి నీదంటానవు.”

మిగతావాళ్లు అందుకున్నారు. ఒకడు దొంగన్నాడు, ఒకడు సొంత బ్యాండు పెట్టే ఎత్తన్నాడు. మొగిలికి కడుపు మండిపోయింది. ఇక తాను వాయించనని, వాళ్లు కూడా దాన్ని ముట్టొద్దని అరిచాడు.

“పోతె పో,” అన్నాడు ఉప్పలయ్య. “పాటయితె మాకొచ్చింది.”

బ్యాండు కోటు అక్కడే విప్పించి పంపాడు. ఆ రోజు నుంచి మొగిలి మగ్గం మీద కూర్చుని వాళ్లను పేరుపేరునా శాపనార్థాలు పెట్టేవాడు.

మరుసటేడు ఒక సాయంత్రం అదే బ్యాండు, అదే పాటతో కొత్తవాడలోకి వచ్చింది. భార్య యాదవ్వ గబగబా తలుపు మూయబోతే మొగిలి అడ్డుపడ్డాడు. గడపలో నిలబడ్డాడు. ఇదివరకు ఎప్పుడు వాయించినా మధ్యలో నిలబడి ఊదినవాడే, తన క్లారినెట్, పక్కనున్న డ్రమ్ము తప్ప మరేదీ సరిగా వినబడేది కాదు. పాట మొత్తం ఎలా ఉంటుందో అతను వినడం ఇదే మొదలు. ఒక్కడూ అతని వైపు చూడలేదు. బరాత్ మలుపు తిరిగేదాకా కదలకుండా విన్నాడు.

“ఆల్ల నోట్లె మన్నువడ,” అన్నాడు యాదవ్వతో. “మంచిగనే వాయిస్తాండ్లు.”