బండి కదలని చోట

సెల్‌ఫోన్లు మా ఊళ్లకు ఇంకా రాని రోజులు. జబ్బుపడ్డ అన్నయ్యను చేపల పికప్ వెనక పడుకోబెట్టి టెక్కలి ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను. కాశీబుగ్గ దాటాక ఇంజిన్ అరుస్తోంది కాని బండి సాగడం లేదు. టెక్కలికని దారిలో ఎక్కిన ఒకాయన వెనక నుంచే డ్రైవరును అడిగాడు.

"ఒడ్డు ఇసకలో క్లచ్ సగం తొక్కి లోడు లాగుతావేటి, బావా?"

"రోజూ లాగుతాను. నేకపోతే సేపలు నువ్వు మోత్తావేటి?"

"క్లచ్ ప్లేటు మాడిపోనాది. ఎంత తొక్కినా పొగే."

ఆయన దిగి తోశాడు. బండి కొంచెం కదిలి ఆగిపోయింది. డ్రైవరు తొక్కుతూనే ఉన్నాడు. ఆయన వచ్చి మా అన్నయ్య ముక్కు దగ్గర వేలుపెట్టి చూశాడు. తన తువ్వాలు దులిపి ముఖం మీద కప్పాడు.

"ఇంక ఆపీ, బావా. తొందర నేదు."

ఎండలో నా పక్కనే కూర్చున్నాడు. కాసేపటికి టెక్కలి బస్సు వచ్చింది. ఆయన చెయ్యెత్తలేదు.