మ్యాట్ కింద తడి

“చెయ్యి పెట్టి చూశావా మార్తమ్మా?”

“చూశానండి. తడిగానే ఉంది. మీరు ఎక్కొద్దండి.”

“తడి ఉందనే కదమ్మా ఇది తీసుకెళ్తున్నాను. ఆరిపోకముందే వాళ్ళకి చూపించాలి.”

దేవసహాయం గారూ నేనూ ఆఖరుసారి మాట్లాడుకున్న మాటలివే. ఇన్నేళ్ళకి ఈ ఉదయం నా చేతికి మళ్ళీ అదే తడి తగిలింది. అల్లుడుగారు నిన్న కొని తెచ్చిన పాత కారులో, వెనక సీటు ముందు పరిచిన ప్లాస్టిక్ ఎత్తి కింద చెయ్యి పెట్టాను. మగ్గిన గోనెసంచి వాసన వచ్చింది. చెయ్యి చీరకి తుడుచుకున్నాను గానీ ఆ చల్లదనం మోచేతి దాకా ఎక్కి అక్కడే కూర్చుంది. అందుకే మా చెల్లెలి కూతురు సునీతని పిలిచి కూర్చోబెట్టాను. నాకు సంతకం తప్ప రాయడం రాదు. నేను చెప్పింది చెప్పినట్టే రాయవే, బాగు చెయ్యకు.

దేవసహాయం గారిని ఎరగనివాళ్ళ కోసం చెబుతున్నాను. భీమవరంలో ఒక అమెరికా కంపెనీ కార్ల షోరూము ఉండేది. దాని వెనక రిపేరు షెడ్డుకి ఆయన పెద్ద. రొయ్యల చెరువు కాపలా కాసే మా ఆయన కామెర్లతో పోయాక, ఒకే చర్చివాళ్ళం కాబట్టి, ఆయనే కబురుపెట్టి నన్ను కార్లు కడిగే పనిలో పెట్టారు. మొదటిరోజే బకెట్టు చేతికిచ్చి, పైన మెరిపించడం ఎవరైనా చేస్తారు, నువ్వు లోపల మ్యాట్ ఎత్తి చెయ్యి పెట్టి చూడు, తడి ఉంటే నాకు చెప్పు అన్నారు. మావైపు కొత్త కారు కొన్నవాళ్ళు ఫ్యాక్టరీ ప్లాస్టిక్ ఏళ్ళ తరబడి తియ్యరు. చేలో బురద అంటుతుందని కింద ఇంకో ప్లాస్టిక్ కూడా పరుస్తారు. కారు కొత్తగానే ఉందని మురిసిపోతుంటే కింద నీళ్ళు మగ్గుతూ ఉంటాయి. ఆయన ఆ ప్లాస్టిక్ చింపేస్తే ఓనర్లు తగువుకొచ్చేవారు. చేపల చెరువుల ఆసామి ఒకాయన, మీ ఇంట్లో సోఫాకి ప్లాస్టిక్ లేదేంటండి అని ఎగతాళి చేశాడు. “ఉందండి,” అన్నారీయన. “కానీ మా సోఫా కాలవగట్టు మీద పరిగెత్తదు కదండి.”

అందరూ నవ్వారు. నాకు మాత్రం ఆ రోజే భయం పట్టుకుంది. మా రోడ్లు అలాంటివి. అటు కాలవ, ఇటు చెరువు, మధ్యలో రెండు బండ్లు ఒరుసుకుంటూ పోవాలి. తలుపు చుట్టూ ఉండే రబ్బరు పలచనైతే వాననీరు లోపలికి దిగుతుందని, ఆ తడి కింద వైర్లని తినేస్తుందని, వైర్లు పోతే ఆపదలో అద్దం దిగదు, తాళం ఊడదు అని ఆయన నాకు విడమరిచి చెప్పారు. ఆ తర్వాత ఏ కారు తలుపు మూసుకున్నా నాకు శవప్పెట్టె మూత పడ్డట్టే వినిపించేది.

అమెరికా కారంటే ఆయనకి చిన్నప్పటి నుంచీ భక్తి. వాళ్ళ నాన్నగారు మిషన్ ఆస్పత్రిలో డ్రైవరు. దొరలు ఓడలో తెప్పించుకున్న పెద్ద కారొకటి ఉండేదట. గోదావరి వరదకి సీట్ల దాకా మునిగి, ఎండలో పెట్టి తుడిస్తే మళ్ళీ స్టార్టయిందట. దాని తలుపు వేస్తే గాదె తలుపు వేసినట్టుండేదని చెప్పేటప్పుడు ఆయన కళ్ళు చిన్నపిల్లాడి కళ్ళయ్యేవి. అదే దేశం పేరు చూసి ఈ షోరూములో చేరారు. ఒకసారి మద్రాసు నుంచి కంపెనీ ఆఫీసర్లు వస్తే, ఈయన మొదట్లో వచ్చిన రబ్బరూ ఇప్పుడొస్తున్న రబ్బరూ పక్కపక్కన బల్ల మీద పెట్టి చూపించారు. రబ్బరు మందం అమెరికాలో పెద్దాఫీసులోనే అలా తగ్గించారని వాళ్ళన్నారట. ఒక్కో బండికి మిగిలేది కొంచెమే అయినా, బండ్లన్నిటికీ కలిపితే కొండంత లాభమట. కార్పెట్ ఎత్తి చూసే కస్టమరు ఎవడయ్యా అని నవ్వారట. ఆ సాయంత్రం ఆయన టీ గ్లాసు చల్లారిపోయేదాకా పట్టుకునే కూర్చున్నారు. “ఇనుము తెలిసినవాళ్ళు వెనక్కి పోయారు మార్తమ్మా. లాభం తెలిసినవాళ్ళు ముందుకొచ్చారు,” అన్నారు.

రాజమండ్రిలో కంపెనీ మీటింగు పెట్టిన రోజు పొద్దుట్నుంచీ వాన. మాటలతో వినరు, తడిసిన కారే వాళ్ళ ముందు నిలబెడతానని బయలుదేరారు. నేను గేటు దాకా వెనకాలే వెళ్ళాను. కాలవ మలుపులో ఐసు లారీ ఎదురొస్తే తప్పించబోయి కారుతో సహా కాలవలో పడిపోయారు. ఆయన నిలబడితే గెడ్డం దాకా వచ్చే నీళ్ళు. గట్టు మీద జనం దూకి అద్దం పగలగొట్టేలోపే అయిపోయింది. లోపలి నుంచి అద్దానికి ఆనించిన అరచెయ్యి కనబడిందని ఒకతను చెప్పాడు. ఆ చెయ్యి నేను చూడలేదు. చూసినట్టే ఉంటుంది.

నీళ్ళలో పడితే ఏ కారు అద్దమైనా అంతేనంది కంపెనీ. అయ్యుండొచ్చు, నాకు మిషన్ల సంగతి తెలియదు. కానీ ఆ కారు కాలవలో పడకముందే తడిసింది. ఆ తడి నేను చేత్తో చూశాను. తర్వాత షోరూము మూసేశారు, కంపెనీ వాళ్ళ దేశం పోయింది. కార్లు మాత్రం ఇక్కడే ఉండిపోయి చేతులు మారుతూ తిరుగుతున్నాయి. అందులో ఒకటి ఇప్పుడు మన వాకిట్లో ఉంది.

రేపు నా మనవరాలు పాపని వెనక కూర్చోబెట్టుకుని రామచంద్రపురం వెళ్తామంటున్నారు. దారంతా కాలవే. పొద్దున్న చెబితే, ఏసీ నీళ్ళు అత్తయ్యగారూ, ఎండలో పెడితే ఆరిపోతాయి అని అల్లుడుగారు నవ్వారు. దేవసహాయం గారైతే తాళం జేబులో వేసుకునేవారు. నాకు ఆయన దగ్గర్నుంచి వచ్చింది ఈ చెయ్యీ, ఈ భయమూ, అంతే.

రాశావా? అల్లుడుగారు వరండాలోనే ఉన్నారు కదా. ఆ కిటికీ తెరువు సునీతా. మొదటి మాట దగ్గర్నుంచీ నాకు చదివి వినిపించు. గట్టిగా చదువు.