ఆ డిక్టేషన్‌లో ఎవరు ఎవరిది చూసి రాశారు

నిన్న ఇక్కడ గల్ఫ్‌లో, జెబెల్ అలీలో మా కంపెనీ సూపర్‌వైజర్ పోస్టుకు ఇంగ్లీషు పరీక్ష పెట్టింది. ‘రిసీవ్’ స్పెల్లింగు అడిగారు. ఈ ముందా, ఐ ముందా? నా చెయ్యి ఆగిపోయింది.

ఏడో తరగతి బి సెక్షన్ మిత్రులారా, మన డిక్టేషన్ పీరియడ్ గుర్తుందా? నాలుగు గీతల పుస్తకం, వేళ్లకు అంటిన నీలం సిరా, సారు చేతిలో వేపబెత్తం. ఒకరోజు ఆ మాట రాక, పక్కనున్న మస్తాన్‌ది చూసి రాశాను. ఇద్దరివీ ఒకే తప్పులు. ఎవరు కాపీ కొట్టారని సారు అడిగితే, భయంతో మస్తాన్‌ను చూపించాను. సారు మస్తాన్ నాయనను పిలిపించారు. ఆయన మర్నాడే వాణ్ణి బడి మాన్పించి తన పంక్చర్ షాపులో కూర్చోబెట్టాడు.

ఇప్పుడు మస్తాన్ కూడా ఇక్కడే, సజ్జా అనే చోట టైర్ల గోడౌన్‌లో పనిచేస్తున్నాడు. పరీక్ష అయ్యాక బయటికొచ్చి వాడికి ఫోన్ చేశాను.

“మస్తాన్, ఆ పొద్దు చూసి రాసింది నేనేరా.”



“నాకెందుకు చెప్తావ్‌రా? నాకు తెలీదా? మా నాయనకు చెప్పింటే బాగుండు. నేను కాదని ఎంత చెప్పినా, ఆయన చనిపోయేదాకా నమ్మల్యా.”