ప్లాస్టిక్ ఇటుకల బసవన్న

కుడి కొమ్ము మళ్ళీ ఊడి కింద పడింది. అది నాలుగోసారి. గచ్చు మీద దొర్లుకుంటూ పోయి రోలు వెనకాల దూరింది. నేను బోర్లా పడుకుని, చెయ్యి సాచి తడుముతుంటే చీమ కుట్టింది. కుట్టనీ అనుకున్నాను. అలాంటి పొడుగాటి తెల్లముక్కలు పెట్టె మొత్తానికి రెండే ఉన్నాయి. నందికి కొమ్ములూ రెండే కదా.

మధ్యలోంచి మొదలుపెట్టాను, నా మాటలెప్పుడూ ఇంతే. మొదట్నుంచి చెప్తాను.

అప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు. పదో తరగతి లెక్కల్లో రెండుసార్లు తప్పి, ఇక చాల్లే అని మా ఊరికి రెండు మైళ్ళ దూరంలో ఉన్న ఒక చిన్న ప్రైవేటు బడిలో ఆయాగా చేరాను. మాది బత్తలపల్లె పక్కన పల్లె. గదులు ఊడవడం, నర్సరీ పిల్లల ముక్కులు తుడవడం, ఒంటేలుకు తీసుకుపోవడం నా పని. పిల్లలంటే నాకు ప్రాణం. వాళ్ళకు పాఠం చెప్తుంటే గుమ్మం దగ్గర నిలబడి నేనూ వినేదాన్ని.

ఆ బడికి ఏడాది కిందట బెంగుళూరు నుంచి ఒకామె బొమ్మల పెట్టె తెచ్చిచ్చింది. మా పెద్ద మేడంకి చుట్టం ఆమె. పెట్టె నిండా ప్లాస్టిక్ ఇటుకలు. మీకు తెలిసే ఉంటుంది, ఒక్కో ముక్కకు పైన బుడిపెలుంటాయి, కింద బోలుగా ఉంటుంది. ఒకదాని మీద ఒకటి పెట్టి నొక్కితే టక్కుమని పట్టేసుకుంటాయి. ఎర్రవి, పచ్చవి, నీలంవి, తెల్లవి. పిల్లలు పోగొడతారని మేడం ఆ పెట్టెను అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసింది. ఏడాది పాటు పిల్లలు వాటిని అద్దంలోంచి చూడడమే.

ఆ శనివారం మేడం హడావిడిగా బీరువా తెరిచింది. పెట్టె మూత ఎప్పుడో చిరిగినట్టుంది, ముక్కల మీద వేలెడు దుమ్ము, బల్లి పెంట. బెంగుళూరు ఆమె సోమవారం పదింటికి వస్తుందట. తనిచ్చిన బొమ్మలతో పిల్లలు ఆడుతుంటే చూస్తుందట. బడిలో నీళ్ళు లేవు, బోరు అప్పటికే ఎండిపోయింది. మా వీధికి మాత్రం ఆ రోజు కొళాయి వదిలే వంతు. అందుకని పెట్టెను ఇంటికి తీసుకుపోయి కడుక్కురమ్మంది. ఒక్క ముక్క తగ్గినా, సోమవారం పదింటిలోపు పెట్టె రాకపోయినా, ఇక నువ్వు కూడా రానక్కర్లేదు అని మామూలుగానే అంది. ఆవిడ గట్టిగా అరిస్తే భయముండదు, మామూలుగా అంటేనే భయం.

శనివారం సాయంత్రం సర్ఫు నీళ్ళలో నానబెట్టి, ముక్క ముక్కా పళ్ళు తోముకునే పాత బ్రష్షుతో రుద్ది, మిద్దె మీద పాత చీర పరిచి ఆరబోశాను. ఆదివారం పొద్దునకల్లా తళతళలాడుతున్నాయి. ఎత్తి పెట్టెలో పోసేస్తే అయిపోయేది. కానీ ఒక రెండు ముక్కలు కలిపి చూద్దామనిపించింది. టక్. ఇంకొకటి. టక్. ఆ చప్పుడు వింటుంటే చేతులు ఆగుతాయా ఎవరికైనా? అన్నీ చీరలో మూటగట్టి వసారాలోకి దించుకున్నాను.

మొదట ఇల్లు కట్టాను, బాగాలేదు. తర్వాత ధర్మవరం బస్సు చేద్దామని పొడుగ్గా కడుతుంటే ముందువైపు పైకి లేచి, వెనకవైపు గుండ్రంగా దిగబడింది. బస్సులా లేదు. కాళ్ళు మడిచి పడుకున్న ఎద్దులా ఉంది. అంతే, లేపాక్షి నంది గుర్తొచ్చింది. ఎనిమిదో తరగతిలో మా బడివాళ్ళు లేపాక్షికి తీసుకుపోయారు. అందరూ నంది ముందు నిలబడి ఫోటో దిగుతుంటే, నేను అరచెయ్యి రాతికి ఆనించి చుట్టూ తిరిగాను. మడిచిన కాలు, మెడ కింద గంగడోలు మడతలు, పైన దండలా గంటల పేరు, ఎత్తి పెట్టిన ముఖం. ఆ రాయి వేడితో సహా గుర్తుంది నాకు. లెక్కలు గుర్తుండని బుర్రలో నంది మాత్రం ఎలా కూర్చుందో.

చకచకా కడుతూ పోయాను. వీపు దాకా వచ్చేసరికి మధ్యలో నిలువునా పగిలినట్టు రెండు ముక్కలై అటొకటి ఇటొకటి పడిపోయింది. మా నాయన గడప మీద కూర్చుని వేపపుల్ల నములుతూ ఇదంతా చూస్తున్నాడు. ఆ ఏడు వేరుశనగ ఎండిపోతే ధర్మవరంలో గోడల పనికి పోతున్నాడు, ఆదివారం కూడా.

"సందు మీద సందు పెట్టినావు సూడు," అన్నాడు నాయన. "అట్ల కడితే యా గోడైనా చీలిపోతాది. కింద రెండు ఇటికెల సందు మీదికి పై ఇటికె నడుమ రావల్ల."

"ఇది గోడ కాదు నాయనా, నంది."

"నందైతే ఏమి, ఇటికె ఇటికే కదమ్మా."

పుల్ల పారేసి, సంచీ భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయాడు. నేను అడుగు నుంచీ విప్పి, ఆయన చెప్పినట్టు సందు కప్పుకుంటూ మళ్ళీ కట్టాను. ఈసారి రెండు చేతులతో ఎత్తి ఊపినా కదల్లేదు. అప్పుడు చూడాలి నా సంబరం. మూపురానికి నీలం ముక్కలు మెట్లు మెట్లుగా పెట్టి గుండ్రం తెచ్చాను. గంటల పేరుకు చిన్న పచ్చ ముక్కలు. కళ్ళకు నల్లవి లేవు. ఏం చేయాలా అని పావుగంట ఆలోచించి, ఒక ముక్కను పక్కకు తిప్పి ఇరికిస్తే దాని బోలు బయటికి వచ్చింది. ఆ బోలులో నీడ పడి అచ్చం కన్నులా నన్నే చూసింది. కూర్చున్నచోటే గెంతాను.

ఇక కొమ్ము. రోలు వెనక నుంచి తీసుకున్నాక బుర్ర పనిచేసింది. పైపైన అతికిస్తే ఎక్కడ నిలుస్తుంది? తల మీద రెండు వరుసలు ఊడదీసి, గుంట తీసి రాటపాతినట్టు కొమ్ము మొదలును లోపల దింపి చుట్టూ ముక్కలు బిగించాను. నిలిచింది. మూరెడు పొడుగు నంది. పొద్దు తిరిగి మధ్యాహ్నమైపోయింది, నేను సద్ది కూడా తాగలేదు.

ఇంట్లో నేనూ అవ్వే ఉన్నాం. అమ్మ ఆ వారం పుట్టింటికి పోయింది. అవ్వకు రెండు కళ్ళకూ పొర, మనిషి నీడ తెలుస్తుందంతే. చెయ్యి పట్టుకుని తెచ్చి నంది ముందు కూర్చోబెట్టి, ఇదేమిటో చెప్పు అన్నాను. అవ్వ వేళ్ళు మొదట బుడిపెల మీద తారాడాయి. ముళ్ళపంది మాదిరి ఉండాదే అని సణిగింది. తర్వాత వీపు మీదుగా మూపురం ఎక్కి, మెడ దిగి, గంటల దగ్గర ఆగాయి. ఒక్కో గంటనూ తాకింది. మడిచిన కాలు తాకింది. చేతులు రెండూ చటుక్కున తీసేసుకుని దండం పెట్టింది.

"బసవన్న," అంది. "ఎవురు చేసినారే?"

"నేనేలే అవ్వా. బడి బొమ్మలతో."

"బసవన్నను పట్టుకోని బొమ్మ అంటావేమే. లెంపలేసుకో."

నేను నవ్వుతూ లెంపలేసుకున్నాను. ఆ నవ్వులో ఉండగానే అవ్వ గోడ పట్టుకుని లోపలికి పోయి కుంకుమ భరిణె, విభూది తెచ్చింది. ఆపొచ్చు నేను. అవ్వా, ఇది రేపు విప్పి ఇచ్చేసేది అని ఒక్క మాట చాలు. చెప్పలేదు. నేను చేసినదాన్ని ఒకరు చేత్తో తాకి గుర్తుపట్టారన్న ఆనందంలో, అవ్వకు అందడంలేదని నందిని ఆమె వైపు తిప్పి కూడా పెట్టాను. నుదుట మూడు వేళ్ళ విభూది, మధ్యలో కుంకుమ. కర్పూరం వెలిగించింది.

కర్పూరం వాసనకు పక్కింటి పెద్దమ్మ తొంగిచూసింది. ఆమె చూస్తే వీధంతా చూసినట్టే. గంటలో వసారా నిండిపోయింది. ఒకామె కనకాంబరాల మాల తెచ్చి నంది మెడలో వేసింది. ఒకామె పిడికెడు వేరుశనగ గింజలు, బెల్లం ముక్క పెట్టింది. ముసలాయన ఒకాయన నాలుగు వైపులా తిరిగి చూసి, లేపాక్షిదే, తప్పు లేదు అని తేల్చాడు. నేను కళ్ళెలా చేశానో, కొమ్మెలా నిలబెట్టానో వచ్చినవాళ్ళకల్లా మొదటినుంచీ చెప్పాను. గొంతు పోయింది.

"పది తప్పినదానికి ఇంత తలకాయ యాడినుంచి వచ్చెనే," అంది పక్కింటి పెద్దమ్మ.

"తప్పింది లెక్కల్లోనే పెద్దమ్మా. నంది కొచ్చెను ఇయ్యలేదు వాళ్ళు," అన్నాను. అందరూ నవ్వారు. ఆ రోజు నేనేమన్నా నవ్వేవాళ్ళు.

దీపాల వేళకు నాయన వచ్చాడు. కాళ్ళు కడుక్కుని, నందిని చూసి, వరుసలన్నీ వేలితో పరీక్షించి తల ఊపాడు. తర్వాత మెల్లగా, పెట్టె రేపు పొద్దున్నే ఇచ్చేయాలి కదమ్మా అన్నాడు.

నేను మరిచిపోలేదు. గుర్తుచేసుకోలేదంతే. సరే విప్పుదామని నంది దగ్గరికి పోయి చెయ్యి చాపితే, అవ్వకు ఎలా తెలిసిందో, నా మణికట్టు పట్టేసుకుంది.

"బొట్టు పెట్టిన బసవన్నను ఇరుస్తావా? అందులో రేపు సోమారం."

ఉద్యోగం పోతుందని చెప్పాను. పోతే ఇంకోటి వస్తుందంది. నాయన నచ్చజెప్పబోయాడు. వినాయకుణ్ణి నీళ్ళలో వెయ్యడం లేదా, అలాగే కాస్త కదిలించి, పోయిరా స్వామీ అని చెప్పి విప్పుకోవచ్చు కదా అన్నాడు.

"వినాయకుడు పోతాడు. పోయేదానికే వస్తాడు ఆయప్ప," అంది అవ్వ. "బసవన్న యాడికి పోతాడు? శివయ్య ముందర కూచున్నోడు యాడికీ పోడు. సూడలేదా మీరు, ఏ గుళ్ళోనైనా?"

నాయన అన్నానికి కూర్చున్నాడు, నేనూ పళ్ళెం పెట్టుకుని కూర్చున్నాను. నిజానికి నాకూ విప్పాలని లేదు. అవ్వ అడ్డుపడుతుంటే లోపల ఎక్కడో హాయిగా కూడా ఉంది. రేపటికి ఇంకొంతమంది వచ్చి చూస్తారు, పక్క ఊరివాళ్ళు వస్తారు. కానీ అన్నం కలుపుతుంటే బీరువా ముందు వరుసగా నిలబడే పిల్లలు కళ్ళలో మెదులుతున్నారు. ఏడాది తర్వాత ఒక్క పూట ఆడుకోనిస్తామంటే, ఆ ముక్కలన్నీ మా వసారాలో పూలు వేసుకుని కూర్చున్నాయి. పది గంటలకు పిల్లల ముందు ఖాళీ పెట్టె. నేను గేటు బయట.

పళ్ళెం పక్కకు పెట్టి అవ్వ దగ్గరికి జరిగాను.

"అవ్వా, పసిపిల్లలు ఆడుకుంటా ఊడదీస్తే?"

"ఎవురు పిల్లలు?"

"మా నర్సరీ వాళ్ళు. మూడేండ్లు, నాలుగేండ్ల వాళ్ళు."

అవ్వ ఒక వక్కపలుకు నోట్లో వేసుకుంది. నేను, నాయన ఆమె దవడ కదలడమే చూస్తూ కూర్చున్నాం.

"పసిబిడ్డల చేతికి దోషం యాడుంటాది," అంది చివరికి. "స్వామి మీదికెక్కి ఉచ్చ పోసినా స్వామి నగుతాడు. అయితే నువ్వు ఒక్క ముక్క గూడా ఊడదీయగూడదు. పెద్దదానివి. నీ చేత్తో మొదలుపెడితే అది నీకే తగులుతాది."

నేను అవ్వను పట్టుకుని బుగ్గలు పిండేశాను. ఛీ పొమ్మంది.

సోమవారం తెల్లవారగానే తలంటుకుని, వెడల్పాటి సత్తు బేసినులో పాత చీర మడిచి వేసి నందిని కూర్చోబెట్టాను. ఆటోలో అయితే గుంతలకు కొమ్ములు ఊడతాయి, ఊడితే నా చేతుల్లో ఊడినట్టే. అందుకని నెత్తిన చుట్ట పెట్టుకుని, దాని మీద బేసిను ఎత్తుకుని, ఖాళీ పెట్టె చంకన పెట్టుకుని రెండు మైళ్ళూ నడిచాను. ఎదురొచ్చిన గొర్రెలాయన ఏమిటది అని అడిగి, సంగతి విని చెప్పులు విప్పి దండం పెట్టాడు. నాకు నవ్వూ వస్తోంది, మెడ కదిలించకూడదు.

బడికి చేరేసరికి ఇంకా గంట కొట్టలేదు, మేడం రాలేదు. నర్సరీ గదిలో చాప పరిచి, మధ్యలో నందిని దించి, పక్కన పెట్టె తెరిచి పెట్టాను. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ కూర్చున్నారు. కళ్ళు ఇంతింత చేసుకున్నారు, ఎవ్వరూ ముట్టుకోరు. ముట్టుకోవద్దని ఏడాది నుంచీ చెప్పీ చెప్పీ, చేతులు వాటంతటవే వీపు వెనక్కి పోయాయి. బయట గేటు దగ్గర మేడం స్కూటరు ఆగిన చప్పుడైంది.

అందరికన్నా చిన్నది, ముక్కు కారుతున్న పిల్ల, నా పక్కనే ఉంది. దాని ముక్కు తుడిచాను. వీపు వెనక నుంచి దాని చెయ్యి ముందుకు తెచ్చి, వేళ్ళు కుడి కొమ్ము చుట్టూ మూసి, నా చెయ్యి తీసేసి, "లాగు తల్లీ" అన్నాను.